మూలకణాలు – నరాల జబ్బు: మన ఆశ ఎక్కడ పెట్టుకోవాలి?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. చక్కెర జబ్బు గురించి, రక్తపోటు గురించి చెప్పేవాళ్లు చాలామంది వున్నారు. అందుచేత మేము ఇవాళ మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు గురించి, దానికి మందు అని ప్రచారంలో వున్న స్టెమ్ సెల్స్, అనగా మూలకణాల గురించి మనవి చేయదలచుకున్నాము. కారణం ఒక్కటే. "స్టెమ్ సెల్ సూది వేయిస్తే మా అమ్మాయి మళ్లీ నడుస్తుందట, నిజమేనా భాయ్ సాబ్?" అని అడిగేవాళ్లు మాకు తరచు తారసపడుతున్నారు. అడిగేటప్పటికే కొందరు బయానా కూడా కట్టి వుంటారు. ప్లాటు బేరానికి పెట్టినవాళ్లు, ఆడపిల్ల పెళ్లికి దాచిన బంగారం తీసినవాళ్లు కూడా వున్నారు. అలాంటి ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క ముక్కలో జవాబు చెప్పి తప్పుకోవడం న్యాయం కాదు. కొంచెం ఓపికగా వింటే జవాబు మీరే చెప్పుకోగలరు.

ఇదేదో విదేశాల సంగతి, మనకేం తెలుస్తుంది అనుకోవద్దు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కాలేజీ దగ్గర బయలుదేరి తార్నాక చౌరస్తా మీదుగా హబ్సిగూడ దాకా నడిచి చూడండి. సుమారు గంట నడక. ఆ దారి పొడుగునా పరిశోధనాలయాలే. జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ వుంది. పాతవాళ్లకు అది ఇప్పటికీ ఆర్.ఆర్.ఎల్. నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పిన ప్రయోగశాల అది. డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ గారు దానికి డైరెక్టరుగా పనిచేసి, 1962లో సి.ఎస్.ఐ.ఆర్.కు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ ప్రయోగశాలలోని జీవరసాయన విభాగం నుంచే 1977లో సి.సి.ఎం.బి. పుట్టింది. డాక్టర్ పుష్పమిత్ర భార్గవ గారు దాని మొదటి డైరెక్టరు. ఇప్పుడున్న భవనాలను 1987 నవంబరు 26న జాతికి అంకితం చేశారు. ఒంట్లోని కణం ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఎందుకు చెడుతుంది – అక్కడ జరిగే పని అది.

ఇంకొక్క మాట కూడా గుర్తు చేయాలి. 1918లో మొదలైన ఉస్మానియాలో మొదట బోధనాభాష ఉర్దూ. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తర్జుమా చేయడానికి ప్రత్యేకంగా ఒక శాఖే పనిచేసింది. ఇంట్లో మాట్లాడే భాషలో శాస్త్రం చెప్పవచ్చునని నమ్మిన ఆవరణ అది. మేము కూడా ఆ నమ్మకంతోనే యీ కష్టమైన విషయాన్ని తేలిక మాటల్లో చెప్పడానికి ప్రయత్నిస్తాము.

నరాల జబ్బు మీద యీ ప్రాంతంలో ఇదివరకే మంచి పని జరిగింది. మధ్యప్రదేశ్‌లో రీవా, సత్నా జిల్లాల పేదవాళ్లు కరువు రోజుల్లో కేసరి పప్పు తిని బతికేవారు. నెలల తరబడి అదే తిన్నవాళ్లలో కొందరికి కాళ్లు కొయ్యబారిపోయి, కర్ర పట్టుకొని కాలి వేళ్లమీద నడవవలసి వచ్చేది. ఆ పప్పులోని నరాల విషాన్ని 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో వేరుచేసి చూపినవారిలో డాక్టర్ ఎస్.ఎల్.ఎన్. రావు గారు ఒకరు. ఆయన తర్వాత ఉస్మానియా జీవరసాయన శాఖలో ఆచార్యులుగా వుండి ఏళ్ల తరబడి ఆ విషం మీదనే పరిశోధన సాగించారు. ఆ పప్పును వేడినీళ్లలో నానబెట్టి నీళ్లు పారబోస్తే విషం చాలామటుకు పోతుందని తార్నాకలోని పోషకాహార సంస్థ వారు చూపించారు. అలా జబ్బు కొత్తగా రాకుండా చూసుకునే దారి దొరికింది. కాని అప్పటికే కొయ్యబారిన కాళ్లు తిరిగి రాలేదు. చెడిపోయిన నరాన్ని బాగుచేయడం అప్పుడు ఎవరి చేతా కాలేదు. ఇవాళ మూలకణాల పరిశోధకుడు చేతికెత్తుకున్నది సరిగ్గా ఆ మిగిలిపోయిన పనినే.

ఇక అసలు జబ్బు సంగతికి వద్దాం.

మెదడు నుంచి వెన్నుపాము గుండా ఒళ్లంతటికీ నరాల తీగలు పోతాయి. కరెంటు తీగమీద రబ్బరు తొడుగు వున్నట్లే నరాల తీగమీద మయెలిన్ అనే కొవ్వు తొడుగు వుంటుంది. దానివల్లనే కబురు వేగంగా పోతుంది. మెదడులో యీ తొడుగును చుట్టే కణాలు ప్రత్యేకంగా వున్నాయి. 1921లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రియో ఓర్తేగా వాటికి ఆలిగోడెండ్రోసైట్లు అని పేరు పెట్టాడు. పేరు పెద్దది గనుక మనం 'తొడుగు కణాలు' అందాం. మల్టిపుల్ స్క్లిరోసిస్‌లో, అంటే ఎం.ఎస్.లో జరిగేదేమిటంటే, ఒంటిని కాపాడవలసిన తెల్ల రక్తకణాలే పొరబడి యీ తొడుగు మీద పడతాయి. పహరా కాయవలసినవాడే ఇంటి గోడకు కన్నం వేసినట్లు. తొడుగు పోయినచోట కబురు నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి తీగ కూడా చచ్చుబడుతుంది. 1868లో పారిస్‌లో షార్కో అనే వైద్యుడు యీ జబ్బును మొదటిసారి స్పష్టంగా గుర్తించి వర్ణించాడు.

లక్షణాలు చెబుతాము, దయచేసి గుర్తుంచుకోండి. ఒక కంటి చూపు రెండు మూడు రోజుల్లో మసకబారడం, కన్ను కదిపితే నొప్పి. ఒక కాలో చెయ్యో తిమ్మిరెక్కి రోజుల తరబడి అలాగే వుండిపోవడం. నడకలో తూలు. మూత్రం ఆపుకోలేకపోవడం. ఏ పనీ చేయకుండానే ఒళ్లు హూనమైపోవడం. వీటిలో విచిత్రమేమిటంటే మొదట్లో ఇవి వస్తాయి, కొన్ని వారాలకు చాలావరకు పోతాయి. పోయాయి గదా అని ఊరుకుంటాం. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ మరోచోట వస్తాయి. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో, పిల్ల నాటకాలాడుతోందనో అనుకునే ఇళ్లు ఇప్పటికీ వున్నాయి. మే నెల ఎండలోగాని, వేడినీళ్ల స్నానం తర్వాతగాని యీ ఇబ్బందులు ఎక్కువై, ఒళ్లు చల్లబడగానే తగ్గుతాయి. అది కొత్త దాడి కాదు, భయపడనక్కరలేదు. కాని డాక్టరుకు తప్పక చెప్పవలసిన గుర్తు.

2023 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో 29 లక్షల మందికి యీ జబ్బు వుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు కనీసం రెండింతలు. ఎక్కువగా మొదలయ్యేది 20, 40 ఏళ్ల మధ్య. అంటే చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు – అన్నీ వున్న వయసులో. మన దేశంలో యీ జబ్బు లేనే లేదన్నంత అరుదు అనుకునేవారు. ఎం.ఆర్.ఐ. యంత్రాలు వచ్చిన తర్వాత అది నిజం కాదని తేలింది.

ఎందుకు వస్తుంది? పూర్తి జవాబు ఇంకా దొరకలేదు. కాని 2022లో ఒక పెద్ద ముడి విడింది. అమెరికాలో కోటిమందికి పైగా సైనికోద్యోగుల ఆరోగ్య వివరాలు, దాచి వుంచిన రక్త నమూనాలు పరిశీలించగా, ఎప్‌స్టీన్–బార్ అనే వైరస్ సోకిన తర్వాత యీ జబ్బు ముప్పు 32 రెట్లు పెరిగినట్లు కనిపించింది. అయితే ఆ వైరస్ పెద్దయ్యేలోగా దాదాపు అందరికీ సోకేదే. జబ్బు మాత్రం బహు కొద్దిమందికే వస్తుంది. కాబట్టి ఇది అంటురోగం కాదు. ఎవరి తప్పువల్లా, ఏ పాపంవల్లా వచ్చినది కాదు. యీ జబ్బు వున్న స్త్రీ పెళ్లి చేసుకోవచ్చు, డాక్టరు సలహాతో పిల్లల్ని కనవచ్చు.

ఇక మూలకణాలు. విత్తనపు వడ్లలాంటివి ఇవి. తమను తాము పెంచుకోగలవు, అవసరమైనప్పుడు వేరే రకం కణాలుగా మారగలవు. కాని గోదాములో వున్న విత్తనమంతా ఒక్క రకం కాదు గదా! వరి విత్తనం చల్లితే జొన్న రాదు. 'స్టెమ్ సెల్స్' అనే ఒక్క పేరు కింద ఎం.ఎస్.కు సంబంధించి మూడు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. వీటిని కలగాపులగం చేయడం వల్లనే జనం మోసపోతున్నారు.

మొదటిది, రక్తాన్ని తయారుచేసే మూలకణాల మార్పిడి. రోగి సొంత మూలకణాలను రక్తం నుంచి తీసి భద్రపరుస్తారు. తర్వాత బలమైన మందులతో, దారితప్పిన తెల్ల కణాలను చాలావరకు తుడిచిపెడతారు. ఆపైన భద్రపరచిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. జాగ్రత్తగా వినండి – ఇక్కడ మూలకణాలు నరాన్ని బాగుచేయడం లేదు. పాత పహరావాళ్లను తీసేసి కొత్తవాళ్లను పెట్టడమే జరుగుతోంది. 2019లో ప్రకటించిన ఒక పరీక్షలో 110 మందిని రెండు సగాలు చేశారు. మార్పిడి చేయించుకున్న 55 మందిలో ముగ్గురికి జబ్బు ముదిరింది. మామూలు మందులు వాడిన 55 మందిలో 34 మందికి ముదిరింది. ఇది గట్టి ఫలితం. కాని అది జబ్బు ఇంకా మాటిమాటికీ దాడి చేస్తున్నవాళ్లకు, మందులకు లొంగనివాళ్లకు ఉద్దేశించినది. పదేళ్లుగా కుర్చీలో వున్నవాళ్లను లేపి నడిపించేది కాదు. పైగా తేలిక వైద్యం కాదు. వారాల తరబడి ఆస్పత్రిలో వుండాలి. ఇన్‌ఫెక్షన్ల భయం వుంది. సంతానం కలగకుండా పోయే ప్రమాదమూ వుంది. పిల్లలు కావాలనుకునే అమ్మాయికి ఆ మాట ముందే చెప్పి తీరాలి.

రెండోది, ఎముక మజ్జ నుంచి, కొవ్వు నుంచి, బొడ్డుతాడు నుంచి తీసే మరొక రకం కణాలు. సూది దుకాణాల్లో అమ్మేవి ఎక్కువగా ఇవే. వీటిని శాస్త్రజ్ఞులు కొట్టిపారేయలేదు, నిజాయితీగా పరీక్షించారు. పలు దేశాలు కలిసి 144 మంది ఎం.ఎస్. రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. ఆ కణాలు హాని చేయలేదు. కాని మెదడులో కొత్తగా వచ్చే వాపు మచ్చలను తగ్గించనూ లేదు. లక్షలు పోసి కొనుక్కుంటున్నది దీన్నే.

మూడోది అసలైన కోరిక – నరాల మూలకణాలు. 2003లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఎం.ఎస్.లాంటి జబ్బు తెప్పించిన ఎలుకలకు నరాల మూలకణాలు ఎక్కించి, వాటి కదలికలు మెరుగవడం చూశారు. ఆ కణాలు మనుషుల దాకా రావడానికి ఎంతకాలం పట్టిందనుకుంటున్నారు? ఇరవై ఏళ్లు. 2023లో రెండు బృందాలు ఫలితాలు ప్రకటించాయి. ఒకదానిలో 15 మంది, మరొకదానిలో 12 మంది రోగులు. ఆ పరీక్షలు అడిగిన మొదటి ప్రశ్న "నయమైందా?" అన్నది కూడా కాదు, "ప్రమాదం లేదు గదా?" అన్నది. ప్రమాదం పెద్దగా కనబడలేదు. మంచి గుర్తులు కొన్ని కనిపించాయి. పనిచేస్తుందా లేదా అన్నది ఇంకా పెద్ద పరీక్షల్లో తేలాలి.

సోదరులారా, యీ ఇరవై ఏళ్ల లెక్కను మనసులో పెట్టుకోండి. అంత చదివినవాళ్లు ఎలుక నుంచి పదిహేను మంది మనుషుల దాకా రావడానికి ఇరవై ఏళ్లు తీసుకుంటే, మన వీధి చివర గదిలో రెండు పూటల్లో అది సిద్ధమైందని ఎలా నమ్ముతాం?

పరిశోధకులు మరొక దారి కూడా వెతుకుతున్నారు. మన మెదడులోనే తొడుగు కణాలుగా మారగల చిన్న కణాలు పెద్దవయసులో కూడా వుంటాయి. మెదడు కణాల్లో నూటికి అయిదు వరకు అవే. తొడుగు ఊడినచోట అవి కొంతకాలం మరమ్మతు చేస్తాయి కూడా. మొదట్లో లక్షణాలు వచ్చి పోవడానికి ఆ మరమ్మతు కూడా ఒక కారణం. వయసు పెరిగేకొద్దీ అవి మందగిస్తాయి. వాటిని మేలుకొలపడం ఎలా? అలర్జీకి వాడే క్లెమాస్టిన్ అనే పాత మాత్రను 2017లో 50 మంది మీద పరీక్షిస్తే కంటి నరంలో కబురు కొద్దిగా వేగం పుంజుకుంది. అంతమాత్రాన మందుల షాపుకు పరుగెత్తవద్దు. జబ్బు మరో దశలో వున్నవాళ్లకు అదే మాత్ర చెరుపు చేసినట్లు తర్వాత తెలిసింది. కణం నిద్రలో ఎందుకుంటుంది, ఎప్పుడు లేస్తుంది అన్నది మన సి.సి.ఎం.బి.లో కూడా అడిగిన ప్రశ్నే. అక్కడ డాక్టర్ జ్యోత్స్న ధవన్ గారి బృందం కండరాల మూలకణాల నిద్ర, మెలకువల మీద ఎన్నో ఏళ్లు పనిచేసింది. కండరం వేరు, నరం వేరు. ప్రశ్న మాత్రం దగ్గరి చుట్టమే.

అయితే మూలకణాల వైద్యమంతా మోసమేనా అంటారా? ఎంతమాత్రం కాదు. మన హైదరాబాదులోనే రుజువుంది. పాన్‌లో వేసుకునే సున్నం పొట్లం పిల్లలు ఆటల్లో నొక్కితే చిట్లి కంట్లో పడుతుంది. నల్లగుడ్డు అంచున వుండే మూలకణాలు కాలిపోయి, కంటి మీద పొర కమ్ముకుంటుంది. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో 2001 నుంచి, బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, అందులోని మూలకణాలను పెంచి, కాలిన కంటికి అమర్చుతూ వచ్చారు. ఇంకా తేలికైన పద్ధతిని డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ప్రకటించింది. చూపు తిరిగి వచ్చినవాళ్లు ఎందరో వున్నారు. అక్కడ ఎందుకు ఫలించింది? ఏ కణం పోయిందో అదే కణం పెట్టారు. పెట్టినచోటు కంటికి కనబడుతుంది. ఫలితాన్ని, వైఫల్యాన్ని లెక్కపెట్టి ప్రకటించారు. మెదడు అలా కాదు. మచ్చలు పదిచోట్ల, ఎముకల గూట్లో, పైగా దాడి ఇంకా సాగుతూ వుంటుంది. ఇల్లు కాలుతూ వుండగానే గోడలకు సున్నం వేయలేం గదా.

కాబట్టి ఎవరైనా స్టెమ్ సెల్ సూది అన్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి: ఏ రకం కణం, ఎక్కడి నుంచి తీస్తారు? రెండు: ఇది ప్రభుత్వం వద్ద నమోదైన పరీక్షా, అయితే నమోదు నంబరు ఏది? మూడు: నైతిక సంఘం అనుమతి పత్రం చూపిస్తారా? నాలుగు: డబ్బు ఎందుకు అడుగుతున్నారు? యీ నాలుగో ప్రశ్న ముఖ్యం. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, నిర్ణీత జబ్బులకు చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప తక్కిన మూలకణ ప్రయోగాలన్నీ పరీక్షలుగానే జరగాలి. పరీక్షలో చేరిన రోగి దగ్గర ఆ వైద్యానికి సొమ్ము వసూలు చేయకూడదు. పరీక్ష అంటూ రశీదు రాస్తున్నారంటే అది పరీక్ష కాదు, వ్యాపారం. సూది వేయించుకొని ఆరునెలలు చూద్దామని అసలు మందులు ఆపేస్తే, ఆ ఆరునెలల్లో పోయిన నరం తిరిగి రాదు. పోయిన డబ్బుకంటే అది పెద్ద నష్టం.

మరి ఇవాళ చేయగలిగినదేమిటి? చాలా వుంది. 1993లో ఇంటర్‌ఫెరాన్ వచ్చినప్పటి నుంచి దాడులను తగ్గించే మందులు ఒకటి తర్వాత ఒకటి వస్తూనే వున్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. నిమ్స్‌లో, ఉస్మానియా, గాంధీ దవాఖానాల్లో నరాల వైద్య విభాగాలు వున్నాయి. ఎం.ఎస్.లాగే కనబడే మరొక జబ్బు కూడా వుంది. దానికి మందులు వేరు. అందుచేత చీటీ చూసి పక్కింటివాళ్ల మందు వాడవద్దు.

రెండో సంగతి చట్టం. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. అందులో మల్టిపుల్ స్క్లిరోసిస్ పేరు పెట్టి వుంది. వైకల్యం 40 శాతం, అంతకు మించి వుంటే వైకల్య సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. యీ సంగతి తెలియక ఊరుకున్న ఇళ్లు మన బస్తీల్లోనే వుంటాయి. మన సంఘం కార్యకర్తలు ఫారాలు నింపి, వెంట వెళ్లి సాయపడితే, అది ఒక రోజు అన్నదానానికి తీసిపోని పని. రోగులు, వాళ్ల కుటుంబాలు ఒకరికొకరు తోడుండటానికి 1985లోనే మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. రెహ్మత్ ఫజల్‌భాయ్ అనే మహిళ చొరవ తీసుకొని దాన్ని నెలకొల్పారు.

మూడోది మన నడత. కోడలికి యీ జబ్బని తెలియగానే పుట్టింటికి పంపేయడం, పిల్ల పెళ్లి ఆగుతుందని జబ్బు దాచి మందులే మాన్పించడం – రెండూ జరుగుతున్నాయి. నరాన్ని బాగుచేసే మూలకణాలకు ఎన్నాళ్లు పడుతుందో గాని, యీ రెండూ మానడానికి మనకు ఏ పరిశోధనా అక్కరలేదు.

చివరగా విద్యార్థులకు ఒక్క మాట. ఇంజనీరింగు, మెడిసిన్ తప్ప మరో చదువు లేదనుకోవద్దు. జీవశాస్త్రంలో ఎం.ఎస్సి. చేసి, పరిశోధన అర్హత పరీక్ష రాసి, ఫెలోషిప్పుతో చదువుకోవచ్చు. అమ్మాయిలు మరీ ముందుకు రావాలి. యీ జబ్బు బాధ ఎక్కువగా పడుతున్నది వాళ్లే గనుక. అయితే ఆ పనిలో పదేళ్లకు ఒక చిన్న సంగతి తేలుతుంది. తేలినది కాదని మరుసటి ఏడు రుజువు కావచ్చు కూడా. అది ఒప్పుకొని రాసి ప్రకటించేవాడే పరిశోధకుడు. ఒప్పుకోనివాడు సూది అమ్ముకునేవాడు. మన ఆశ పెట్టుకోవలసినది మొదటివాడి మీద, మన డబ్బు పెట్టవలసినది ఇవాళ పనిచేసే మందుల మీద.